నాన్న గీసిన పిల్లి కనబడేంత దూరం

మా ఇంట్లో పదహారు బొమ్మలు చాలా ఏళ్ళు బీరువా వెనకే ఉండిపోయాయి. పాత దుప్పటిలో చుట్టి గోడకి ఆనించేవాళ్ళం. ఇల్లు మారినప్పుడల్లా పసిపాపని ఎత్తుకున్నట్టు మోసుకెళ్ళి, కొత్త ఇంట్లో మళ్ళీ అలాగే ఆనించేవాళ్ళం. వాటిలో ఆరు మా నాన్న గీసినవి. పోస్టుకార్డంత కాగితాల మీద, రోజూ జేబులో ఉండే ఫౌంటెన్ పెన్నుతోనే గీశారు. ఇవి కాక ఒక స్నేహితురాలు వేసిచ్చిన పెద్ద ఆయిల్ పెయింటింగ్, నీటిరంగుల బొమ్మలు రెండు, అమ్మ కుట్టిన ఎంబ్రాయిడరీ గుడ్డ, నలుపు తెలుపు ఫొటోలు మూడు, ఒక లినోకట్ ముద్ర (లినోలియం పలక మీద చెక్కి కాగితం మీద అచ్చేసినది), ఒక పాత ప్రపంచపటం, మా అమ్మాయి మూడేళ్ళప్పుడు క్రేయాన్లతో గీసిన బొమ్మ ఒకటి.

నాన్న పోయిన తరవాత వాటిని బయటికి తియ్యడానికి నాకు మనసు రాలేదు. ఈమధ్య ఒకరోజు బీరువా జరిపితే దుప్పటికి ఒక మూల చెమ్మ తగిలి ఉంది. గుండె ఆగినంత పనైంది. బొమ్మలకేం కాలేదు గానీ, ఇంకొక్క వానాకాలం ఇలాగే వదిలేస్తే ఏమవుతుందో తెలుస్తూనే ఉంది. ఆ రోజే అన్నీ హాల్లోకి తెచ్చేశాను. సోఫా వెనక గోడ నిండా పదహారూ కలిపి పెట్టాలని అనుకున్నాను.

మేకుల సంగతి తరవాత, ముందు ఒక్కోదాన్నీ బోర్లా తిప్పి వెనక చూడు అంది అక్క. మంచి మాట. ఏళ్ళ కిందట పటాలు కట్టించినప్పుడు ఆ కట్టినాయన నాన్న బొమ్మల్ని సెలోటేపుతో అట్టకి నేరుగా అంటించేశాడు. ఆ టేపు పసుపుపచ్చగా మారి, జిగురు కాగితంలోకి ఇంకి, ముందువైపుకి కూడా మరక తేలుతోంది. వెనకున్న మామూలు అట్టలో ఆమ్లం ఉంటుంది, అది మెల్లగా కాగితాన్ని గోధుమరంగుకి తిప్పేస్తుంది. ఒక ఫొటో పరిస్థితి మరీ అన్యాయం. మౌంట్, అంటే బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం, లేకుండా గాజుకి ఆనించి బిగించడంతో ఫొటో పైపొర తేమకి మెత్తబడి గాజుకి అతుక్కుపోయింది. పీకబోయాను, అక్క చెయ్యి పట్టుకుంది. ఆ పొర జిలటిన్. పీకితే ముఖాలు గాజుకే ఉండిపోతాయి. గాజుతో సహా స్కాన్ చేయించి, అసలుదాన్ని అలాగే బల్లపరుపుగా బీరువాలో పెట్టాను. పదహారు పదిహేనయ్యాయి.

కాగితం బొమ్మలన్నిటికీ పటాలు మళ్ళీ కట్టించాను, ఈసారి దగ్గర కూర్చుని. ఆమ్లం లేని మౌంట్ బోర్డు అడిగి తీసుకున్నాను. మౌంట్ అందం కోసమే అనుకునేదాన్ని. దాని అసలు పని గాజుకీ బొమ్మకీ మధ్య ఎడం ఉంచడమట. బొమ్మని పై అంచు దగ్గర మాత్రమే, సన్నటి జపాన్ కాగితం ముక్కలు రెండింటితో, గోధుమ పిండిజిగురుతో వేలాడదీస్తారు. నాలుగువైపులా అంటిస్తే కాగితానికి కదలడానికి చోటుండదు. తేమకి సాగి, ఎండకి ముడుచుకుని, చివరికి అలలు తేలుతుంది. ఇలా కట్టినదైతే రేపు ఎవరైనా ఆ జిగురుని కాస్త తడిపి బొమ్మని క్షేమంగా విడదీసుకోవచ్చు. నాన్న బొమ్మలు ఆరింటికీ ఒకే రకం పటం కట్టించాను, పది అంగుళాల చదరం, చుట్టూ వెడల్పాటి తెల్ల మౌంటు. అడ్డంగా గీసినవైనా నిలువుగా గీసినవైనా చదరంలో ఒద్దికగా కూర్చుంటాయి. మిగతావాటికి పాత బీడింగే, అంటే చుట్టూ ఉండే పాత చట్రమే, ఉంచాను. గోడ మొత్తానికి ఒకే రంగు, ఒకే సైజు పటాలుంటే చూడటానికి తీరుగా ఉంటుందని చాలామంది చెప్పారు. నాకు అది నచ్చదు. ఒక్కో బొమ్మ ఒక్కోచోటినుంచి మా ఇంటికి వచ్చింది, ఆ తేడా కనబడాలి.

ఇక కొలతలు. మ్యూజియాల్లో బొమ్మ మధ్యభాగం నేలనుంచి సుమారు 57 అంగుళాల ఎత్తులో ఉండేలా పెడతారు, నిలబడ్డ మనిషి కంటిమట్టం అదే కాబట్టి. ఇళ్ళల్లో మనం దాదాపు ఎప్పుడూ అంతకన్నా ఎత్తులోనే మేకు కొడతాం. నేనూ చెయ్యెత్తి "ఇక్కడ" అని చూపించిన చోటు కొలిస్తే 68 వచ్చింది. సోఫా మీదైతే ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. సోఫా వీపుకీ పటం కింది అంచుకీ మధ్య ఆరేడు అంగుళాలు ఉండాలి, లేకపోతే వెనక్కి వాలినవాళ్ళ తల తగులుతుంది. మరీ ఎక్కువ వదిలితే బొమ్మలకీ సోఫాకీ సంబంధం తెగిపోతుంది. బొమ్మలన్నీ కలిపిన వెడల్పు సోఫా వెడల్పులో మూడింట రెండు వంతులు దాటి కాస్త ఉంటే కుదురుగా కనిపిస్తుంది. మా సోఫా ఏడడుగులు, అంటే 84 అంగుళాలు. వీపు ఎత్తు 33. అందుకని 40 అంగుళాల ఎత్తునుంచి 76 దాకా నిలువు, 62 అంగుళాల అడ్డం తీసుకున్నాను.

ఆ కొలతతోనే హాల్లో నేలమీద మాస్కింగ్ టేపుతో ఒక గడి గీసి, పదిహేను బొమ్మల్నీ అందులో సర్దడం మొదలుపెట్టాను. ముందు పెద్దదాన్ని, ఆయిల్ పెయింటింగ్‌ని, నట్టనడుమ పెట్టాను. మిగతావన్నీ దాని చుట్టూ పరివారంలా అయిపోయాయి. కాస్త ఎడమకి జరిపితే గోడకి ప్రాణం వచ్చింది. ముదురు రంగులన్నీ ఒకేవైపు చేరితే ఆ వైపు బరువుగా ఒరిగినట్టుంటుంది, అది కంటికి వెంటనే తెలిసిపోతుంది. పటాల మధ్య ఎడం రెండున్నర అంగుళాలు అనుకుని, ఆ వెడల్పుకి ఒక అట్టముక్క కత్తిరించి దాన్నే కొలబద్దగా వాడాను. ప్రతిసారీ టేపు పట్టడం కంటే ఇది ఎంతో హాయి. సర్దిన ప్రతిసారీ కుర్చీ ఎక్కి ఫోనుతో ఫొటో తీసుకున్నాను. చివరికి పదకొండు ఫొటోలు తేలాయి.

తరవాత ఒక్కో పటాన్నీ కాగితం మీద బోర్లించి, చుట్టూ గీసి, కత్తిరించి, ఆ కాగితాలని గోడకి అంటించాను. మొదట పాత న్యూస్‌పేపర్లు వాడాను. వాటిలోని హెడ్డింగులూ ఫొటోలూ కళ్ళని లాగేసి, అసలు ఏ ఆకారం ఎక్కడుందో తెలియనివ్వలేదు. పొట్లాలు కట్టే గోధుమరంగు కాగితం తెచ్చి మళ్ళీ కత్తిరించాను. ప్రతి ముక్క మీదా బొమ్మ పేరు రాశాను. నాలుగు రోజులు గోడమీద ఆ కాగితాలే ఉన్నాయి. పొద్దున్నా రాత్రీ, కూర్చునీ నిలబడీ చూశాను. రోజుకొకటి రెండు జరిపాను. నేలమీద బ్రహ్మాండంగా ఉన్న అమరిక గోడెక్కాక అలా ఉండదు. నేలమీద మనం పైనుంచి, బాగా దగ్గరగా చూస్తాం. గోడని ఎక్కణ్ణుంచో చూస్తాం.

ఆ తేడా నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం మా అమ్మాయి వల్ల. మూడోరోజు సాయంత్రం స్కూలునుంచి వచ్చి, నేలమీద ఇంకా పరిచి ఉన్న అసలు బొమ్మల దగ్గర బోర్లా పడుకుని, గడ్డం కింద చేతులు పెట్టుకుని నాన్న బొమ్మలు చూస్తోంది.

"అమ్మా, తాతయ్య ఈ పిల్లిని దాచిపెట్టి గీశారా?"

"ఏ పిల్లే?"

"ఇదిగో, పైమెట్టు మీద."

అది మేడమెట్ల బొమ్మ. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. వంకర తిరిగిన మెట్లు, పక్కన గోడనీడ, పైన తలుపు సగం తీసి ఉంటుంది. అంతే అనుకునేదాన్ని. పక్కన పడుకుని చూస్తే నిజంగానే పైమెట్టు మీద, తలుపు నీడలో, బియ్యపుగింజంత పిల్లి ముడుచుకుని ఉంది. దాని తోక మెట్టు మీదనుంచి కిందికి వేలాడుతోంది. నాలుగు గీతలు కూడా లేవు. నలభై ఏళ్ళు నాకు కనబడని పిల్లి! దాన్ని చూస్తూ ఎంతసేపు అలాగే నేలమీద ఉండిపోయానో.

లేచి సోఫా వైపు చూశాను. ఆ బొమ్మకి నేను ఇచ్చిన చోటు పై వరుసలో కుడివైపు చివర. ముందు సోఫా, దానిముందు టీపాయ్. మనిషి నిలబడగలిగిన దగ్గరి చోటుకే ఐదడుగులు. అక్కడ పెడితే ఆ పిల్లి ఇంకెవరికీ దొరకదు. ఇన్ని రోజులుగా నేను బొమ్మల పొడవు వెడల్పులు కొలిచాను, ఎడాలు కొలిచాను, బొమ్మకీ చూసే కంటికీ మధ్య దూరం ఒక్కసారి కూడా కొలవలేదు.

ఒక్కో బొమ్మనీ చేత్తో పట్టుకుని, అమ్మాయిని ముందుకీ వెనక్కీ నడవమని, ఏది ఎంత దూరంలో బాగుందో రాసుకున్నాం. ఆయిల్ పెయింటింగ్ దగ్గరికి వెళ్తే రంగుముద్దలే కనిపిస్తాయి. ఏడెనిమిది అడుగుల దూరంలో అదే కొండగా, మబ్బుగా మారుతుంది. లినోకట్ నలుపు తెలుపుల్లో ఎంత దూరానికైనా తట్టుకుంటుంది. ప్రపంచపటం రెండు రకాలుగానూ బాగుంటుంది. నాన్న బొమ్మలకి మాత్రం అడుగు, అడుగున్నర. నీటిరంగులకి రెండడుగులు. మా ఇంట్లో మనిషి గోడకి అంత దగ్గరగా నడిచే చోటు ఒక్కటే ఉంది, హాలునుంచి లోపలి గదులకి వెళ్ళే నడవ. నాలుగడుగుల వెడల్పు కూడా లేదు. ఇన్నాళ్ళూ అది ఇరుకని విసుక్కునేదాన్ని.

పాత ఫ్రెంచి బొమ్మల ప్రదర్శనల సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గోడనిండా బొమ్మలు కిక్కిరిసి పెట్టే పద్ధతిని ఇవాళ్టికీ సలోన్ పద్ధతి అంటారు. పారిస్‌లో లూవ్ర్ రాజభవనంలోని సలోన్ కారే అనే గదిలో ఒకప్పుడు జరిగిన ప్రదర్శనల నుంచి వచ్చిన పేరు అది. 1785, 1787 ప్రదర్శనలని మార్టీనీ అనే చిత్రకారుడు చెక్కిన ముద్రలు ఉన్నాయి. వాటిలో గోడ పైకప్పు దాకా నిండిపోయి ఉంటుంది. ఇంతకుముందు చూసినప్పుడు ఆ రద్దీ తప్ప ఏమీ గమనించలేదు. ఈసారి చూస్తే భారీ చిత్రాలు చాలామటుకు పైన ఉన్నాయి, చిన్నవి చాలామటుకు కింద, మనుషుల కళ్ళ ముందు ఉన్నాయి. పెద్దది ఎంత పైనున్నా అందుతుంది, చిన్నదాన్ని మనిషి దగ్గరికి దింపాలి. అక్కడ ఏ చిత్రం ఎక్కడ ఉండాలో తేల్చడానికి ప్రత్యేకంగా ఒకరిని నియమించేవాళ్ళు. 1755 నుంచి దాదాపు రెండు దశాబ్దాలు ఆ పని చేసింది షార్డాన్, గిన్నెలూ గ్లాసులూ పండ్లూ వేసిన ఆ మహాచిత్రకారుడే. తోటి చిత్రకారులందరి ఆశలూ, అలకలూ ఆయన మీదే పడి ఉంటాయి. నా పదిహేనింటికే నాకు నిద్ర పట్టలేదు.

నడవ మీద మొగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా హాలు గోడ కుడిభాగం మీద సాయంత్రం ఎండ పడుతుంది. ఫౌంటెన్ పెన్ను సిరా చాలామటుకు నీళ్ళలో కరిగే అద్దకపు రంగు. వెలుతురుకి చాలా త్వరగా వెలిసిపోతుంది. అదే ఇండియన్ ఇంకయితే అందులో ఉండేది మసి, అది నిలబడుతుంది. నీటిరంగులదీ మెతక ప్రాణమే. మ్యూజియాల్లో కాగితం మీది బొమ్మల గదులు చీకటిగా ఎందుకుంటాయా అనుకునేదాన్ని. వాటికి 50 లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క అది) మించి వెలుతురు పడనివ్వరు, ఆయిల్ పెయింటింగులకి 200 దాకా ఫరవాలేదంటారు. వెలిసిన రంగు చీకట్లో పెడితే తిరిగి రాదు. ప్రతిరోజు ఎండా దాని లెక్కలో కలుస్తూనే ఉంటుంది. నడవకి కిటికీ లేదు. అక్కడ వేడెక్కని చిన్న ఎల్ఈడీ బల్బు ఒకటి, ఎవరైనా నిలబడినప్పుడు వేసుకునేలా పెట్టించాను. అమ్మ ఎంబ్రాయిడరీ దారాలకీ ఎండ పనికిరాదు, దాన్ని హాల్లోనే ఎడమవైపు చివరికి, ఎండ రాని పక్కకి మార్చాను. అలా హాల్లో ఆరు మిగిలాయి. మిగతా తొమ్మిదీ నడవలోకి. కాగితాలన్నీ పీకి మళ్ళీ అంటించాను.

మేకుల పని రెండు రోజులు పట్టింది. మాది ఇటుక గోడ, పైన సిమెంటు పూత. సుత్తితో మేకు కొడితే పూత పెచ్చులూడుతుంది. అందుకని డ్రిల్లుతో 6 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, ప్లాస్టిక్ ప్లగ్గు దింపి, స్క్రూ బిగించడమే మేలు. ఎంత లోతు వెళ్ళాలో డ్రిల్ బిట్టు మీదే టేపు చుట్టి గుర్తు పెట్టుకుంటే తడుముకోనక్కర్లేదు. రంధ్రం కింద ఒక కాగితాన్ని జేబులా మడిచి అంటిస్తే దుమ్మంతా అందులోనే పడుతుంది. స్విచ్‌బోర్డుకి తిన్నగా పైనా కిందా, పక్కల తిన్నగా ఉన్న చోట్లా రంధ్రం చెయ్యకూడదు, వైర్లు అలాగే వెళ్తాయి. కాగితం ముక్కల్లో ఒకటి సరిగ్గా స్విచ్‌బోర్డు మీదికి వచ్చింది. దాన్ని పక్కకి జరిపి, దానికోసం మూడిటిని సర్దాల్సి వచ్చింది. గోడ చివర్లో ఒక రంధ్రం అంగుళంలో మూడోవంతు కూడా దిగలేదు. అక్కడ కాంక్రీటు పిల్లర్ ఉంది. డ్రిల్లుని హ్యామర్ మీదికి, అంటే గుద్దుతూ తొలిచే పద్ధతికి, మారిస్తే దిగింది.

నేను చేసిన పెద్ద పొరపాటు తీగ దగ్గర. పటం వెనక తీగ వదులుగా ఉన్నప్పుడు పై అంచునుంచి కొలిస్తే నాలుగున్నర అంగుళాలు వచ్చింది. ఆ లెక్కన స్క్రూ వేసి తగిలిస్తే ఆయిల్ పెయింటింగ్ అనుకున్నదానికంటే అంగుళంన్నర కిందికి దిగింది. పటం బరువుకి తీగ బిగుసుకుని పైకి లేస్తుంది కదా. వేలితో తీగని పైకి లాగి పట్టుకుని కొలవాలి, అప్పుడు సరిగ్గా మూడంగుళాలు. లెక్క చాలా తేలిక. పటం మధ్యభాగం ఎంత ఎత్తులో ఉండాలో దానికి పటం ఎత్తులో సగం కలిపి, బిగిసిన తీగ దిగే కొలత తీసెయ్యాలి. మాది మధ్య 58, పటం ఎత్తు 30, సగం 15, కలిపితే 73, మూడు తీసేస్తే 70. ఆ 70 దగ్గర మళ్ళీ రంధ్రం చేశాను. బరువైన పటానికి ఒక్క స్క్రూ కాక, ఒకే మట్టంలో రెండు వేస్తే పక్కకి ఒరగదు. మట్టానికి తాపీపనివాళ్ళు వాడే రసమట్టం తెచ్చుకున్నాను. పాత రంధ్రం పుట్టీతో పూడ్చాను, అది పటం వెనకే ఉంది.

స్క్రూలు లేకుండా, అంటించే పట్టీలతో తేలికైనవి రెండు పెట్టి చూశాను. అర్ధరాత్రి ఒక ఫొటో పడి గాజు పగిలింది. పొడిపొడిగా రాలే రంగు వేసిన గోడకి ఆ పట్టీ పట్టుకున్నది రంగుని, గోడని కాదు. గాజున్న దేన్నీ ఇక వాటికి అప్పగించను.

నడవలో నాన్న ఆరు బొమ్మల్నీ రెండు వరుసలుగా పెట్టాను. ఎడం రెండంగుళాలే. కింది వరుస మధ్యభాగం 50 అంగుళాల దగ్గరికీ, పై వరుసది 62 దగ్గరికీ వచ్చింది. కింది వరుసలో మేడమెట్ల బొమ్మ ఉంది, అది తొమ్మిదేళ్ళ పిల్ల కళ్ళ ఎత్తు. ఇరుకు దారి కాబట్టి పటాలు భుజాలు తగిలి పక్కకి తిరక్కుండా కింది మూలల వెనక మెత్తటి అంటుముద్ద చిటికెడు పెట్టాను. హాల్లో వాటికి అదే చోట చిన్న ఫెల్టు బిళ్ళలు అతికించాను. వాటివల్ల పటానికీ గోడకీ మధ్య కాస్త గాలి ఆడుతుంది, చెమ్మ పట్టదు.

అక్క ఆ ఆదివారం వచ్చింది. హాల్లో నిలబడి బాగుందంది, కొండ బొమ్మ ఇప్పుడు నిజంగా కొండలా ఉందంది. తరవాత చేతులు కడుక్కుందామని లోపలికి వెళ్తూ నడవలో ఆగిపోయింది. చాలాసేపు రాలేదు. వెళ్ళి చూస్తే గోడకి దాదాపు ముఖం ఆనించి ఉంది. అమ్మాయి పక్కనే నిలబడి చెప్పకుండా నోరు నొక్కుకుని ఉంది.

"ఇది మన పిల్లి కాదుటే?" అంది అక్క. "తోక చూడు, చివర వంకర."

అప్పుడు చెప్పింది, తన దగ్గర కూడా నాన్న బొమ్మ ఒకటి ఉందని, డిక్షనరీలో పేజీల మధ్య పెట్టానని. దాని కొలత అడిగాను. మెట్ల పక్కన చోటివ్వాలంటే నడవలో రెండు స్క్రూలు మార్చాలి. గోధుమరంగు కాగితం ఇంకా మిగిలే ఉంది. పది అంగుళాల చదరం ఒకటి కత్తిరించి, దానిమీద "అక్కది" అని రాసి, కింది వరుస చివర అంటించి ఉంచాను.